పళ్ళెం కనబడనంత లోతు

దులూత్‌లో ఏప్రిల్ అంటే ఇంకా చలికాలమే.
రేవు అంచున మంచు పెచ్చులు ఒరుసుకుంటుంటే
ఎవరో గాజుల పెట్టె కదిపినట్టు చప్పుడు.
మా పరిశోధన పడవ మాత్రం తాడు విప్పుకోలేదు.

పన్నెండేళ్ళుగా నా పని ఇది:
నలుపూ తెలుపూ పూసిన పళ్ళేన్ని తాడుకు కట్టి
సుపీరియర్ సరస్సులోకి వదలడం,
అది కంటికి ఆనకుండా పోయిన చోట
తాడు మీద ముళ్ళు లెక్కపెట్టి
ఒక అంకె రాసుకోవడం.
మా భాషలో నీటి మీద రాత అంటే నిలవనిదని
ఒకసారి మాటల్లో చెబితే
పడవ నడిపే ఆర్వో తువోమినెన్ పొగాకు ఉమ్మి
"ఇక్కడ నలభై నాలుగేళ్ళు నిలిచింది" అన్నాడు.

మంగళవారం వచ్చిన ఉత్తరం రెండే పేరాలు.
ప్రస్తుత ప్రాధాన్యాలకు అనుగుణంగా లేదు, అని.
కింద సంతకం లేదు.

అంతకు రెండు నెలల ముందే సోన్యా లిండ్‌క్విస్ట్
దరఖాస్తు ముందేసుకుని రాత్రంతా కూర్చుంది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మాటలు ఏరుతూ.
"వేడెక్కడం" తీసేసి "ఉష్ణోగ్రతల తీరు."
"వాతావరణ మార్పు" తీసేసి "కాలానుగుణ వ్యత్యాసం."
తెల్లారేసరికి చేటలో మిగిలింది చూసుకుంటే
ఏరి పారేసినదే బియ్యం.

నిజం చెప్పొద్దూ,
అంతకు ముందైనా మేం మా ఇష్టానికి అడిగిందేముంది?
ఓటరు గాలానికి పడేది ట్రౌట్.
అందుకని డబ్బెప్పుడూ ట్రౌట్ మీదే.
ఆ చేప కడుపులోకి పోయే వేలిగోరంత రొయ్యలు
చీకటి పడ్డాక అడుగు నుంచి పైకెక్కి వస్తాయి,
తెల్లారకముందే దిగిపోతాయి, ఎవరికీ చెప్పకుండా.
ఎందుకు తగ్గిపోతున్నాయో అడగనివ్వమని
సోన్యా మూడుసార్లు రాసింది, మూడు ప్రభుత్వాలకు.
రొయ్యకు నియోజకవర్గం లేదు.

వాషింగ్టన్‌లో సభ ఒప్పుకుందట, లెక్కలో మా పేరుందట.
శాఖ మాత్రం విడుదల చెయ్యదట.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు,
అదీ మన సామెతే అనుకున్నాను.
కాకపోతే ఇక్కడ
పూజారిని మార్చేది కూడా ఎన్నికే.

మారిబెల్ ఒచోవా డాక్టరేట్ మొదలుపెట్టి ఏడు నెలలు.
బావగారి టైర్ల కొట్టులో చేరిందని తెలిసింది.
ఆమె రబ్బరు బూట్లు ఇంకా సింకు కిందే ఉన్నాయి,
ఒకటి పక్కకు ఒరిగి.
నేను నిలబెట్టలేదు. ఎందుకో తెలీదు.

ఆదివారం ఆర్వో ఫోను చేశాడు:
"నా సొంత పడవుంది. చిన్నదే. కోటు వేసుకో."
దీపస్తంభం చిన్నదయ్యేదాకా వెళ్ళాం.
మోటారు ఆపాక
ఆ నిశ్శబ్దానికి ఒక బరువుంది.
పళ్ళెం వదిలాను.
ముందు తెలుపు ఆకుపచ్చయింది,
నలుపు ఇంకా నలుపే,
తరవాత రెండూ కలిసి వెన్నెల మరకంత,
తరవాత అదీ లేదు.

ఇంటికొచ్చి అంకె ఎక్కించబోతే
కంప్యూటరు నిధి సంఖ్య అడిగింది.
ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు.
పోయినేటి సంఖ్య కొట్టాను. చెరిపేశాను.
అబద్ధం మీద నిజం నిలబెట్టడం నాకు చేతకాదు.

ఇంకో ముప్పై ఏళ్ళకు ఎవరో ఈ గ్రాఫు తెరుస్తారు.
గీత ఒక చోట ఆగి, మరెక్కడో మళ్ళీ మొదలై,
మధ్యలో తెల్లటి కాగితం.
ఆ ఏడు నీళ్ళు అంత తేటగా ఉన్నాయి కాబోలు
అనుకుంటారేమో అనే నా భయం.

అందుకని పెన్సిలుతో, పాత నోటుపుస్తకం వెనక అట్ట మీద:
ఏప్రిల్ ఇరవై ఏడు. వాయవ్యపు గాలి.
తొమ్మిది మీటర్ల నలభై.

వచ్చే ఆదివారం పెట్రోలు ఎవరిదని
ఆర్వో అడగలేదు.
నేనూ అడగలేదు.